సింగపూర్‌లో ఒక పగలు: పదిహేడు గంటల ఆగుడులో చేతికొచ్చేది పన్నెండే

హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వెళ్లే దారిలో సింగపూర్‌లో విమానం మారాలి. రెండు మూడు గంటల్లో మారే టికెట్టూ ఉంటుంది, పదిహేడు గంటలు ఆగే టికెట్టూ ఉంటుంది. మేమిద్దరం కావాలనే రెండోది తీసుకున్నాం. ఉదయం 6 దాటాక దిగడం, రాత్రి 11 దాటాక ఎక్కడం. టికెట్ మీద పదిహేడు గంటలున్నా ఊళ్లో తిరగడానికి మిగిలేది పన్నెండే. దిగి బయటపడేసరికి గంటన్నర, రానూపోనూ రైల్లో గంటన్నర పైన, రాత్రి విమానానికి రెండు గంటల ముందు చేరడం. ఈ అయిదు గంటలను ముందే తీసేసి ఊరు ప్లాన్ చేసుకోవాలి. తొమ్మిది గంటల ఆగుడైతే చేతిలో మిగిలేది నాలుగే. అంత కొద్ది సమయానికి బయటికి పరుగెత్తేకంటే విమానాశ్రయం వాళ్లు ఉచితంగా నడిపే సిటీ టూర్ మేలు. ఆగుడు అయిదున్నర గంటలకు పైన, 24 గంటల లోపు ఉన్నవాళ్లకు అది ఉంటుంది.

అసలు కథంతా టికెట్ కొనేటప్పుడే తేలిపోతుంది. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. అలా ఉంటే పెద్ద పెట్టెలు శంషాబాద్‌లో వేస్తే నేరుగా మెల్‌బోర్న్‌లో తీసుకోవచ్చు, రెండు బోర్డింగ్ పాసులూ ఇక్కడే చేతికొస్తాయి. పెట్టెకు కట్టే ట్యాగ్ మీద మెల్‌బోర్న్ గుర్తు ఎంఈఎల్ అని ఉందో లేదో కౌంటర్ వదిలే ముందు చూసుకోండి. సింగపూర్ గుర్తు ఎస్ఐఎన్ అని ఆగిపోయి ఉంటే అక్కడే అడగాలి, విమానం ఎక్కాక చేసేదేమీ లేదు. చవకగా వస్తున్నాయని రెండు టికెట్లు విడివిడిగా కొంటే పెట్టెలు సింగపూర్‌లో దించుకోవాలి, మళ్లీ చెకిన్ చేయాలి, మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి పూచీ ఎవరిదీ కాదు. ఇక ఆగుడు 24 గంటలు దాటితే దాన్ని ట్రాన్సిట్ అనరు, స్టాపోవర్ అంటారు. ఛార్జీ మారొచ్చు, పెట్టెలు కూడా మామూలుగా మీ చేతికే ఇచ్చేస్తారు. పగలంతా తిరిగి రాత్రికి ఎక్కేయాలనుకుంటే 24 లోపే ఉంచుకోండి.

తర్వాత వీసా. భారతీయులకు సింగపూర్ వీసా తప్పనిసరి, రుసుం 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు తీసుకునేది అదనం. కానీ మూడో దేశానికి వెళ్తూ ఆగేవాళ్లకు 96 గంటల వీసా లేని ట్రాన్సిట్ సదుపాయం ఉంది. ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజిలాండ్, స్విట్జర్లాండ్, బ్రిటన్, అమెరికా, ఈ ఎనిమిది దేశాల్లో ఒకదాని వీసా ఉండాలి. సింగపూర్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి కనీసం నెల రోజులు అది చెల్లాలి. 96 గంటల్లోపు బయటికి వెళ్లే ఖాయమైన టికెట్ చూపాలి. ముందుగా దరఖాస్తు ఉండదు, రుసుం ఉండదు. అయితే ఇది హక్కు కాదు, ఇమ్మిగ్రేషన్ అధికారి ఇష్టం మీద ఇచ్చే అనుమతి. అందుకే ఈ సదుపాయాన్ని నమ్ముకుని తిరిగి డబ్బు రాని టికెట్లు ఊళ్లో ఎక్కువ కొనొద్దు.

నెల రోజుల షరతు దగ్గరే చాలామంది పొరబడతారు. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు వీసా గడువు చివరిదాకా ఉండి, తిరుగు దారిలో సింగపూర్ చూద్దాంలే అనుకుంటారు. అప్పటికి వీసాలో పదిహేను రోజులే మిగిలి ఉంటాయి. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాలకు తిరుగు ప్రయాణంలో షరతులు వేరు. వెళ్లే దారిలోనైతే వీసా కొత్తగా, నిండుగా ఉంటుంది, ఏ పేచీ రాదు. ఊరు చూడాలనుంటే వెళ్లేటప్పుడే చూసేయండి. తిరుగు దారిలో ఎలాగూ కాళ్లూ మనసూ ఇంటివైపే లాగుతుంటాయి.

ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించరు, ఈమెయిల్లో వచ్చే మంజూరు పత్రమే వీసా. దాన్ని, రెండు విమానాల టికెట్‌ను, సింగపూర్ ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్లో ఈ సదుపాయం గురించి రాసిన పేజీని ముద్రించి, ఒక్కొక్కరికి ఒక్కో సెట్ పెట్టుకోండి. మూడోది సింగపూర్‌లో కంటే బయల్దేరే చోటే పనికొస్తుంది. చెకిన్ కౌంటర్లో వాళ్లు 'సింగపూర్ వీసా ఏదీ' అని అడిగితే మాటలతో నెగ్గలేం, కాగితం చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఫోన్లో ఉంది కదా అనుకోవద్దు, సరిగ్గా అప్పుడే నెట్ తిరుగుతూ కూర్చుంటుంది.

ఎస్‌జీ అరైవల్ కార్డు వీసా కాదు, వచ్చే ప్రతివాళ్లూ నింపాల్సిన ఆన్‌లైన్ పత్రం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచే నింపనిస్తారు. పూర్తిగా ఉచితం. గూగుల్లో వెతికితే పైన కనిపించేవాటిలో డబ్బు అడిగే నకిలీ సైట్లు ఉంటాయి, ఇమ్మిగ్రేషన్ వాళ్ల సొంత సైటూ సొంత యాపూ తప్ప వేరేవాటి జోలికి పోవద్దు. భార్యాభర్తలు ఒకేసారి ఒకే దరఖాస్తులో నింపొచ్చు. పాస్‌పోర్టు నంబరులో సున్నాకీ ఓ అక్షరానికీ తేడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

చేతిసంచి విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు. గసగసాలు వద్దు. మన వంటింట్లో అది మసాలా దినుసే, సింగపూర్ మాదకద్రవ్యాల చట్టం ముందు మాత్రం కాదు. మాంసం పచ్చళ్లు కూడా సంచిలో పెట్టుకుని దేశంలోకి రావద్దు. చూయింగ్ గమ్ 1992 నుంచి నిషేధం. ఈ-సిగరెట్లు నేరం. సిగరెట్లకు సుంకం మినహాయింపు లేదు, ఒక్క పెట్టె ఉన్నా ప్రకటించి పన్ను కట్టాలి. రోజూ వేసుకునే మందుల్లో నిద్రమాత్రల్లాంటివి ఉంటే డాక్టర్ చీటీ దగ్గరుంచుకోండి.

డబ్బు సంగతి. సింగపూర్ మెట్రోకు టికెట్ కొనే పని లేదు. వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తున్న మన బ్యాంకు కార్డే గేటు దగ్గర తాకిస్తే చాలు. కానీ బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఒక మీట, కాంటాక్ట్‌లెస్ ఇంకో మీట. రెండూ తెరవాలి. మేం ఒక కార్డుకు మొదటిదే తెరిచాం, గేటు ఎర్రదీపం చూపించింది. ఇంకో సంగతి, ఇద్దరికీ రెండు కార్డులు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు దాటలేరు. ఎక్కేటప్పుడు తాకించిన కార్డునే దిగేటప్పుడూ తాకించాలి, ఫోన్లో ఉన్న అదే కార్డు గేటు లెక్కలో వేరే కార్డు. విదేశీ కార్డుకు వాడిన ప్రతి రోజుకూ 0.60 డాలర్ల రుసుం పడుతుంది. స్థానిక ఈజీ-లింక్ కార్డులో అయిదు డాలర్లు తిరిగి రాని కార్డు ధరకే పోతాయి కాబట్టి ఒక్కరోజుకు బ్యాంకు కార్డే చవక. మా అయిదు రైలు ప్రయాణాలకూ మనిషికి 8–9 డాలర్లు అయ్యాయి. విమానాశ్రయం నుంచి టాక్సీ అయితే ఒక వైపుకే 25 నుంచి 35. నగదు 50 డాలర్లు ఉంటే చాలు. చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో కొన్ని దుకాణాలు మన కార్డులు తీసుకోవు, అక్కడ నోటే కావాలి. ఎక్కడికైనా ప్రవేశ టికెట్లు కొనాలంటే ఇంటి దగ్గరే కొనేయండి. అక్కడికెళ్లాక కొంటే బ్యాంకు ఓటీపీ రావడానికి రోమింగ్ ఉండాలి.

ఇక దిగాక. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ కూడా దూరం లేని ఊరు కాబట్టి ఏడాదంతా తెల్లవారేది 7 ప్రాంతంలో, పొద్దుగూకేది 7 ప్రాంతంలో. ఉదయం 6:15కి దిగితే బయట చీకటే, కంగారుపడి బయటికి ఉరకాల్సిన పని లేదు. పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు మార్చుకోవడం అన్నీ ఇమ్మిగ్రేషన్‌కు ముందే, ట్రాన్సిట్ వైపే కానివ్వండి. డబ్బు కట్టి స్నానం చేసే చోట్లు ఆ వైపు ఉన్నాయి, గీత దాటాక రాత్రిదాకా వెనక్కి రాలేం. చేతిసంచులు భద్రపరిచే కౌంటర్లు లోపలా బయటా రెండు వైపులా ఉన్నాయి. లోపలే ఇచ్చేస్తే రాత్రి లోపలికి వచ్చాక తీసుకోవచ్చు. పచ్చడి సీసాలున్న సంచి కస్టమ్స్ దాటాల్సిన అవసరమే రాదు. 1, 2, 3 టెర్మినళ్లు లోపలి నుంచే స్కైట్రైన్‌తో కలిసి ఉన్నాయి. 4 మాత్రం విడిగా ఉంది, బస్సెక్కాలి. రాత్రి విమానం ఏ టెర్మినల్ నుంచో చూసుకుని, ఆ టెర్మినల్లోనే సంచి ఇవ్వడం తెలివైన పని.

ఇమ్మిగ్రేషన్లో ఆటోమేటిక్ గేట్లు ఉన్నాయి. కానీ మన దగ్గరున్న మూడో దేశపు వీసాను చూడాల్సింది మనిషే కాబట్టి నేరుగా అధికారి కూర్చున్న కౌంటర్ వరుసకే వెళ్లాం. అడిగినవి మూడే: ఎక్కడికి, ఎప్పుడు, వీసా కాగితం. పాస్‌పోర్టులో ముద్ర వేయరు. ఎప్పటిదాకా ఉండొచ్చో ఈమెయిల్‌కు ఈ-పాస్ వస్తుంది, అరైవల్ కార్డులో ఈమెయిల్ తప్పు రాస్తే అది రాదు. ఇమ్మిగ్రేషన్ దాటేసరికి 7:30 అయింది.

విమానాశ్రయం పక్కనే జ్యూయెల్ ఉంది. గాజు గోపురం మధ్యలోంచి 40 మీటర్ల జలపాతం దూకే చోటు. పొద్దున చూసేద్దామని వెళ్తే నీళ్లుండవు. ఉదయం పదికో పదకొండుకో గానీ వదలరు. దాన్ని రాత్రికి ఉంచుకోండి.

చాంగీ విమానాశ్రయం స్టేషన్ 2, 3 టెర్మినళ్ల మధ్య నేలకింద ఉంది. అందరూ తానా మేరాలో దిగి ఆకుపచ్చ లైన్ పట్టుకుంటారు. మొదట భారతీయుల పేట లిటిల్ ఇండియాకు వెళ్లేవాళ్లకు అంతకంటే దగ్గరి దారి ఒకటుంది. తానా మేరా దాకా పోకుండా, విమానాశ్రయం తర్వాతి స్టేషన్ ఎక్స్‌పోలోనే దిగి నీలం రంగు డౌన్‌టౌన్ లైన్ ఎక్కండి. అయితే లిటిల్ ఇండియా అని రాసి ఉన్న స్టేషన్ దాకా కూర్చోవద్దు. ఆ లైను ఊరి మధ్య ముడివేసినట్టు తిరిగి వస్తుంది, చైనాటౌన్, బేఫ్రంట్, బుగిస్ అన్నీ చుట్టి ఆ స్టేషన్‌కు చేరుతుంది. జలాన్ బెసార్‌లో దిగిపోయి పది నిమిషాలు నడిస్తే లిటిల్ ఇండియా నడివీధి సెరంగూన్ రోడ్డు. రైల్లో తినడం, తాగడం నిషేధం, మంచినీళ్లు కూడా. జరిమానా 500 డాలర్ల దాకా ఉంది.

సెరంగూన్ రోడ్డు చూస్తే సగం చెన్నై అనిపిస్తుంది. తమిళం అక్కడ నాలుగు అధికార భాషల్లో ఒకటి, బోర్డుల మీదా రైలు స్టేషన్లలోనూ కనిపిస్తుంది. తెలుగు అక్షరం కోసం వెతక్కండి. కోమల విలాస్ 1947 నుంచి ఉన్న శాకాహార హోటల్, ఇడ్లీ, దోశ, పొంగల్‌కు ఢోకా లేదు, పచ్చడిలో మన కారం మాత్రం ఆశించొద్దు. అక్కణ్ణుంచి వీరమాకాళియమ్మన్ గుడి, ఇంకాస్త ముందుకెళ్తే శ్రీనివాస పెరుమాళ్ కోవెల. రెండోది 1855 నాటిది, 1978లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. గుళ్లన్నీ మధ్యాహ్నం 12 ప్రాంతంలో మూసి సాయంత్రం తెరుస్తారు. అందుకే ఊరంతా వదిలి పొద్దున్నే ఇక్కడికి రావడం. అన్నీ దొరికే పెద్ద దుకాణం ముస్తఫా సెంటర్ ఒకప్పుడు 24 గంటలూ తెరిచి ఉండేది, ఇప్పుడు పొద్దున్నే వెళ్తే మూసే ఉంటుంది. తెరిచాక వెళ్లినా ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పెద్ద పెట్టెలు మెల్‌బోర్న్ దారిలో ఉన్నాయి, కొన్నదంతా చేతిసంచిలోకే. నూనెలు, అత్తర్లు, క్రీములు ఏవైనా సీసా 100 మిల్లీలీటర్లు దాటితే రాత్రి గేటు దగ్గర తీసేస్తారు.

లిటిల్ ఇండియా నుంచి ఊదారంగు లైన్లో మూడో స్టేషన్ చైనాటౌన్. ఈసారి స్టేషన్ పేరు నమ్మొచ్చు. గుళ్లు మూయకముందే, 11 లోపు చేరాలి. సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద శ్రీ మారియమ్మన్ కోవెల 1827లో వెలిసింది, సింగపూర్‌లో హిందూ గుళ్లలో అన్నిటికంటే పాతది. దీపావళికి ముందు నిప్పుల గుండం తొక్కే తిమితి ఉత్సవం ఇక్కడే. అదే వీధిలో జామె మసీదు, ఇంకా ముందుకెళ్తే 2007లో తెరిచిన బుద్ధ దంత ఆలయం. నాలుగు వందల గజాల్లో మూడు మతాలు. మారియమ్మన్ గుడి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా నడవాలి, ఎండెక్కాక రాళ్లు కాలతాయి. సాక్సులు వేసుకుంటే తప్పేం లేదు.

మధ్యాహ్న భోజనానికి బుద్ధ ఆలయం ఎదుటే మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్. సింగపూర్ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది, ధరలు చూస్తే ఎందుకో సగం అర్థమవుతుంది. ప్లేటు 5–6 డాలర్లలో దొరుకుతుంది. బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఎవరూ లేరని కూర్చోవద్దు, అది మనం బస్సు సీటు మీద వేసే తువ్వాలు లాంటిది. తిన్నాక పళ్లెం మీరే తీసుకెళ్లి ర్యాకులో పెట్టాలి, 2021 నుంచి అది చట్టం. శాకాహారులకు ఇక్కడ ఇబ్బందే. కూరగాయలే అని చెప్పినవాటిలోనూ చేప రసం, ఎండు రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్ ఉంటాయి. అలాంటివాళ్లు లిటిల్ ఇండియాలోనే కడుపునిండా తిని రావడం మంచిది. కాఫీకి కోపి అనాలి, గట్టి తియ్యటి పాలతో ఇస్తారు. కోపి-ఓ అంటే పాలు లేనిది, చక్కెర ఉంటుంది. చక్కెర వద్దంటే చివర కోసోంగ్ అని చేర్చాలి. అల్లం టీ కావాలంటే తే హాలియా. మధుమేహం ఉన్నవాళ్లు కోసోంగ్ అనే మాటొకటి కంఠస్థం చేస్తే రోజంతా గడిచిపోతుంది.

మధ్యాహ్నం రెండింటికల్లా నీడకు చేరాలి. ఆ వేళకు ఎండైనా మండుతుంది, వానైనా కుమ్మరిస్తుంది, ఒక్కోసారి గంట తేడాలో రెండూ. చైనాటౌన్ నుంచి నీలం లైన్లో మూడో స్టేషన్ బేఫ్రంట్, గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటకు దిగాల్సింది అక్కడే. ఆ తోట పేరుతోనే గోధుమరంగు లైన్లో ఇంకో స్టేషన్ ఉంది. అక్కడ దిగితే చూడాల్సినవాటికి దూరంగా తోట అవతలి కొస నుంచి నడవాలి. బేఫ్రంట్ బి ద్వారమే సరైనది. తోటలోని రెండు గాజు గృహాల్లో ఒకటే చూసే ఓపిక, డబ్బు ఉంటే క్లౌడ్ ఫారెస్ట్ చూడండి. 35 మీటర్ల జలపాతం, చల్లటి గాలి, లిఫ్టులో పైకెళ్లి మెల్లగా దిగుతూ వచ్చే దారి. మోకాళ్ల నొప్పులున్నా పర్వాలేదు. ఫ్లవర్ డోమ్ పూలు బాగుంటాయి, ఊటీ పూల ప్రదర్శన చూసినవాళ్లకు కొత్తేమీ అనిపించదు. నిర్వహణ కోసం వీటిని అప్పుడప్పుడూ ఒక రోజు మూసేస్తారు, టికెట్ కొనేముందు వెబ్‌సైట్లో తేదీ చూసుకోండి.

అయిదున్నరకు బయటపడి హెలిక్స్ వంతెన మీదుగా మెర్లయన్ దాకా నడవొచ్చు, అరగంట. సింహం తల, చేప తోక ఉన్న ఆ బొమ్మ ఎత్తు 8.6 మీటర్లు, ఫోటోల్లో చూసి ఊహించుకున్నంత పెద్దది కాదు. మెరీనా బే సాండ్స్ హోటల్ మీద 57వ అంతస్తుకు టికెట్ కొనాలా అని అందరూ అడుగుతారు. పైనుంచి చూస్తే మెర్లయన్ కనిపిస్తుంది, మెర్లయన్ దగ్గర నిలబడితే ఆ హోటల్ కనిపిస్తుంది. రెండోది ఉచితం, ఫోటోకు కూడా అదే బాగుంటుంది. తిరిగి రావడానికి మళ్లీ నడవొద్దు. పావుగంట దూరంలో డౌన్‌టౌన్ స్టేషన్, అక్కణ్ణుంచి బేఫ్రంట్ ఒకటే స్టేషన్.

అదే తోటలో సూపర్‌ట్రీలనే ఎత్తైన కృత్రిమ చెట్ల కింద పాటలతో సాగే వెలుగుల ప్రదర్శన రోజూ 7:45కి, మళ్లీ 8:45కి ఉంటుంది, ఉచితం. 11 తర్వాత విమానం ఉన్నవాళ్లకు మొదటిదే. రెండోది చూసి వెళ్దామనుకుంటే విమానాశ్రయం చేరేసరికి పది అవుతుంది, జ్యూయెల్ పోతుంది, గుండె దడ మిగులుతుంది. 7:25కల్లా చేరి నేల మీద వెల్లకిలా పడుకుని చూడండి, చుట్టూ అందరూ అదే చేస్తుంటారు. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. చెట్ల మధ్య 22 మీటర్ల ఎత్తులో వేలాడే నడకదారి వాన, మెరుపులు ఉంటే మూసేస్తారు, దానికి టికెట్ ముందే కొని పెట్టుకోవద్దు.

8:15కి బేఫ్రంట్‌లో రైలెక్కితే ఎక్స్‌పో వరకు నీలం లైన్, అక్కడ మారి ఒక్క స్టేషన్. 9:10కి జ్యూయెల్లో ఉన్నాం. జలపాతం మీద రంగుల వెలుగులు చూసి, 9:40కి లోపలికి. జ్యూయెల్ బయటివైపు ఉంటుంది కాబట్టి ఇమ్మిగ్రేషన్ దాటాక చూద్దామంటే కుదరదు. జీఎస్టీ 9 శాతం వెనక్కి రావాలంటే ఒకే దుకాణంలో 100 డాలర్లకు తగ్గకుండా కొని, కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి ఉండాలి, కియోస్క్‌లో నమోదు చేసేటప్పుడు వస్తువు చేతిలో ఉండాలి.

చివరి ఉచ్చు గేటు దగ్గర. మన దగ్గర ఇమ్మిగ్రేషన్ పక్కనే భద్రతా తనిఖీ అయిపోతుంది. చాంగీలో 1, 2, 3 టెర్మినళ్లలో అది ఒక్కో గేటు ముందు జరుగుతుంది. లోపలికి వచ్చాక నింపుకున్న నీళ్ల సీసా కూడా అక్కడ ఖాళీ చేయాల్సిందే. గేటు లోపలికి వెళ్లాక దుకాణాలు ఉండవు, కాబట్టి ముందే తాగి, ముందే తిని వెళ్లండి. విమానంలో ఆస్ట్రేలియా ఇన్‌కమింగ్ ప్యాసింజర్ కార్డు ఇస్తారు. సింగపూర్‌లో కొన్న చాక్లెట్లు, పెద్ద పెట్టెల్లో ఉన్న పొడులు, పచ్చళ్లు, స్వీట్లు అన్నిటికీ కలిపి ఆహారం అనే గడిలో 'అవును' అని గీయండి. చెప్పి తీసుకెళ్లినవాటిని చూసి చాలావరకు ఇచ్చేస్తారు, దాచినవాటికి జరిమానా వేస్తారు.